రోడియోలా నిజంగా అలసట తగ్గిస్తుందా? డబ్బా కొన్నాను, మూత తీయలేదు

పెసరట్టు_ప్రవాసి
అందరికీ నమస్కారం. ఉండేది సింగపూర్‌లో, వయసు 39, బ్యాంకు సాఫ్ట్‌వేర్ సపోర్టు పని. ఆరు నెలలుగా పొద్దున్నే లేవడమే అలసటతో లేస్తున్నాను. ఎనిమిది గంటలు పడుకున్నా పడుకున్నట్టే ఉండదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి బుర్ర మొద్దుబారిపోతుంది. మొన్న ఒకే మెయిల్ ఒకే మనిషికి రెండుసార్లు పంపాను. వారంలో మూడు రాత్రులు ఆన్‌కాల్, ఫోన్ మోగకపోయినా మోగుతుందేమోనని టెన్షన్.

పక్కింటి చైనీస్ ఆంటీ చూడలేక తనకు తెలిసిన మందుల దుకాణానికి తీసుకెళ్ళింది. అక్కడి పెద్దాయన నాలుక చాపమన్నాడు, రెండు చేతుల నాడీ చూశాడు, "స్ట్రెస్ ఎక్కువ, చీ తక్కువ" అని ఒక డబ్బా ఇచ్చాడు. చీ అంటే వాళ్ళ వైద్యంలో ఒంట్లో ప్రాణశక్తి అట. దాని మీద హోంగ్ జింగ్ తియన్ అనీ, కింద రోడియోలా అనీ ఉంది, ఏదో మూలిక వేరట. నెట్‌లో సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది మోసం అంటున్నారు. మా ఆయన పారెయ్యమంటున్నారు. అమ్మేమో ఫోన్లో "ఆ చైనా వేరెందుకే, అశ్వగంధ వేసుకో" అంటోంది. పరిశోధనలు అసలు ఏం చెప్తున్నాయో తెలిసినవాళ్ళు చెప్పండి. తిట్టకండి, ప్లీజ్.

అత్తగారి_కషాయం
మూత తీయకుండా ముందు అడిగిన మొదటి మనిషివమ్మా నువ్వు. ఇక్కడ అందరూ డబ్బా అయిపోయాక వస్తారు.

గణాంకాల_గంగులు
ప్రవాసి గారూ, మీరు నెట్‌లో చూసిన పొగడ్తల్లో చాలావరకు ఒకే స్వీడన్ పరిశోధన దగ్గరికి వెళ్తాయి. 2009లో వచ్చింది. నేను పూర్తిగా చదివాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పని ఒత్తిడితో పూర్తిగా నీరసించిపోవడాన్ని స్వీడన్ ప్రభుత్వ వైద్యశాఖ ఒక రోగంగా గుర్తించి లక్షణాల పట్టీ ఇచ్చింది. ఆ పట్టీ ప్రకారం 20 నుంచి 55 ఏళ్ళ లోపు వాళ్ళను 60 మందిని తీసుకున్నారు. సగం మందికి రోజుకు 576 మిల్లీగ్రాముల రోడియోలా సారం, సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. 28 రోజులు. ఎవరికి ఏది అందిందో ఇచ్చినవాళ్ళకూ తెలియదు, మింగినవాళ్ళకూ తెలియదు. మొదట్లో, చివర్లో అలసటకూ దిగులుకూ సంబంధించిన ప్రశ్నపత్రాలు, కంప్యూటర్ మీద ఏకాగ్రత పరీక్ష, నిద్ర లేచాక ఉమ్మిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలత.

ఫలితం: అలసట కొలతలోనూ ఏకాగ్రత పరీక్షలోనూ రోడియోలా గుంపు ముందుంది. పొద్దుటి కార్టిసాల్ ఎగదోపు తగ్గింది. ఇంతవరకే ప్రకటనల్లో కనిపిస్తుంది. కనిపించనిది ఏమిటంటే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళు కూడా చాలా విషయాల్లో బాగుపడ్డారు. ఇంకొకటి, ఆ మందు తయారుచేసే సంస్థ పరిశోధకుడే రచయితల్లో ఒకరు. అందుకని అబద్ధమని నేను అనను. ఇంకెవరైనా విడిగా చేసి అదే ఫలితం చూపించేదాకా ఒక కన్ను తెరిచి ఉంచాలి అంటాను.

పెసరట్టు_ప్రవాసి
ధన్యవాదాలు గంగులు గారూ. ఉత్తుత్తి మాత్రతో ఎలా బాగుపడతారు? వాళ్ళకి అసలు జబ్బు లేదనా?

గణాంకాల_గంగులు
కాదు కాదు. మా ఊళ్ళో వానలు లేకపోతే కప్పలకు పెళ్ళి చేసేవారు. ఎప్పుడు చేసేవారు? ఎండలు ముదిరి, నేల బీటలిచ్చి, ఇక తట్టుకోలేం అన్నప్పుడు. ఆ తర్వాత పది పదిహేను రోజులకు ఎలాగూ వాన పడే కాలమే. పుణ్యం కప్పలకు దక్కేది.

మనిషి కూడా అంతే. మందు కోసం బయల్దేరేది బాగా దిగజారిన వారంలో. తర్వాత వారాలు సహజంగానే కొంచెం మెరుగ్గా ఉంటాయి. దానికి తోడు ఒకరు పట్టించుకుని, వారం వారం ఎలా ఉన్నావని అడుగుతుంటే మనసు కుదుటపడుతుంది. అలసట అనేది థర్మామీటరు పెట్టి కొలిచేది కాదు, మనం చెప్పే మార్కులే కొలత. అందుకే పక్కన ఉత్తుత్తి గుంపు లేని పరిశోధనను నేను లెక్కలోకి తీసుకోను. 2012లో 101 మందితో ఒకటి, 2017లో ఉద్యోగ ఒత్తిడితో కుంగిపోయిన 118 మందితో ఒకటి వచ్చాయి. రెండింటిలోనూ అందరికీ రోడియోలానే ఇచ్చారు, చాలామంది బాగున్నామన్నారు. కప్పల పెళ్ళే అది.

రివైటల్_రాజా
మరి రివైటల్‌లో ఉండే జిన్సెంగ్ సంగతేంటి అన్నా? అది కూడా చైనాదే కదా. మా నాన్న పదేళ్ళుగా వేసుకుంటున్నాడు.

గణాంకాల_గంగులు
జిన్సెంగ్ కథ వేరు, కొంచెం నయం. 2013లో కొరియాలో కారణం తెలియని దీర్ఘకాలపు అలసట ఉన్న 90 మంది మీద నాలుగు వారాలు చేశారు, మానసిక అలసట మార్కుల్లో తేడా వచ్చింది. అదే ఏడాది అమెరికాలో క్యాన్సర్ రోగులు 364 మందికి రోజుకు 2000 మిల్లీగ్రాముల అమెరికన్ జిన్సెంగ్ ఇచ్చారు. నాలుగు వారాలకు తేడా లేదు, ఎనిమిది వారాలకు వచ్చింది. మల్టీవిటమిన్ మాత్రలో కలిపే జిన్సెంగ్‌ను ఈ మోతాదులతో పోల్చి చూసుకో. నాన్నగారి సంగతి నాన్నగారికే వదిలేద్దాం.

వూహాన్_డాక్టరుబాబు
అక్కా, నేను చైనాలో ఎంబీబీఎస్ చేసి ఇప్పుడు కరీంనగర్ దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాను. అక్కడ విదేశీ విద్యార్థులకు కూడా చైనా సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు. పాసవడానికి మాత్రమే చదివాను, అయినా రెండు మాటలు చెప్తాను.

మొదటిది, "ఒత్తిడి వల్ల అలసట" అనే జబ్బు ఆ వైద్యంలో లేదు. నాడీ, నాలుక చూసి ఒకరికి చీ తగ్గిందంటారు, ఇంకొకరికి కాలేయంలో చీ అడ్డుపడిందంటారు. మొదటి రకానికి బూ జోంగ్ యీ చీ తాంగ్, రెండో రకానికి షియావ్ యావ్ సాన్. ఒక్కొక్కటీ ఏడెనిమిది మూలికల కలయిక. ఒంటరి వేరు ఇవ్వడం తక్కువ.

ఈ బూ జోంగ్ యీ చీ తాంగ్ పుట్టుక నాకు ఎప్పుడూ గుర్తుండిపోయింది. 1232లో మంగోలు సేనలు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించాయి. ముట్టడి ఎత్తేశాక కూడా జనం రాలిపోతూనే ఉన్నారు. మిగతా వైద్యులు బయటి నుంచి చలి సోకిందని చెమట పట్టించే మందులు, విరేచనాలు ఇచ్చారు. లీ దోంగ్‌యువాన్ అనే వైద్యుడు మాత్రం ఇది బయటి రోగం కాదు, ఆకలి, భయం, ఎడతెగని శ్రమ కలిసి లోపలి జీర్ణశక్తిని కుంగదీశాయి అన్నాడు. దానికి విరుగుడుగా జిన్సెంగ్, అతిమధురం, ఎండిన కమలా తొక్క వగైరా ఎనిమిది మూలికలతో యోగం కట్టాడు. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒక వైద్యుడు "భయం, అలసట కూడా జబ్బు చేస్తాయి" అని గట్టిగా నిలబడి చెప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ ఎనిమిదింటిలో రోడియోలా లేదు. అది టిబెట్ వైపు వేరు, కొండలెక్కేవాళ్ళ మందు.

రెండోది ముఖ్యం. డబ్బా మీద లాటిన్ పేరు రెండో మాట ఏముందో చూడండి. రోజియానా, క్రెన్యులాటానా?

పెసరట్టు_ప్రవాసి
చూశాను డాక్టర్ గారూ. రోడియోలా క్రెన్యులాటా.

వూహాన్_డాక్టరుబాబు
అనుకున్నాను. చైనా అధికారిక మందుల గ్రంథంలో హోంగ్ జింగ్ తియన్ అంటే అదే. గంగులు అన్న చెప్పిన స్వీడన్ పరిశోధన రోడియోలా రోజియా మీద. అన్నదమ్ములే గానీ ఒకటి కాదు. రోజవిన్‌లు అనే పదార్థాలు రోజియాకు ఆనవాలు, క్రెన్యులాటాలో వాటి జాడ దాదాపు ఉండదు. కాబట్టి ఆ పరిశోధన నిజమే అనుకున్నా, మీ డబ్బాకు వర్తించదు.

గణాంకాల_గంగులు
ఇది చాలామంది గమనించని సంగతి. "వేల ఏళ్ళ చైనా మందు" అని అమ్ముతారు, సాక్ష్యం మాత్రం రష్యా, ఆర్మేనియా, స్వీడన్‌ది. ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుందనే మందుకు వాడే "అడాప్టోజెన్" అన్న మాట కూడా 1947లో సోవియట్ శాస్త్రవేత్త లజరేవ్ పెట్టినదే. 2000లో ఆర్మేనియాలో రాత్రి డ్యూటీ చేసే 56 మంది డాక్టర్లకు రోజియా ఇచ్చి, మొదటి రెండు వారాల్లో అలసట తగ్గిందన్నారు. అదే ఏడాది రష్యాలో పరీక్షలు రాస్తున్న విదేశీ విద్యార్థులు 40 మంది మీద ఇంకొకటి. అన్నీ చిన్నవే.

ఇక 2014లో కెనడాలోని అల్బర్టాలో షిఫ్టుల్లో పనిచేసే నర్సింగ్ విద్యార్థులు 48 మందికి 42 రోజులు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకే ఉత్సాహం ఎక్కువ! 2012లో 11 పరిశోధనలను కలిపి చూసినవాళ్ళు "ఒకదానికొకటి పొంతన లేదు, ఏమీ తేల్చలేం" అన్నారు. యూరప్ మందుల సంస్థ కూడా ఒత్తిడి వల్ల వచ్చే అలసటకు దీన్ని ఒప్పుకుంది కానీ, చాలాకాలంగా వాడుతున్నారన్న ఆధారం మీదే. పనిచేస్తుందని రుజువైందని కాదు.

అత్తగారి_కషాయం
గంగులూ, డాక్టరుబాబు చెప్పినదానికి జవాబు రాలేదు. ఒక్కొక్కరికి ఒక్కో యోగం ఇచ్చే వైద్యాన్ని, అందరికీ ఒకే మాత్ర ఇచ్చి పరీక్షిస్తే ఎలా? దోసెల పిండితో ఇడ్లీ వేసి బాగోలేదన్నట్టు. మా ఇంట్లో కషాయం కూడా మనిషిని బట్టే మారుతుంది.

గణాంకాల_గంగులు
అమ్మా, పరీక్షించొచ్చు. పరీక్షించారు కూడా, అలసటకు కాదు గానీ పేగుల సమస్యకు. సిడ్నీలో 116 మంది రోగులు, ఫలితం 1998లో వచ్చింది. చైనా వైద్యులు అందరినీ నాడీ, నాలుక చూసి ఎవరి మందు వాళ్ళకి రాసిచ్చారు. తెర వెనక ఒక గుంపుకు ఆ మందే వెళ్ళింది, రెండో గుంపుకు అందరికీ ఒకటే యోగం, మూడో గుంపుకు ఉత్తుత్తి గుళికలు. రాసిన వైద్యుడికి కూడా ఏది వెళ్ళిందో తెలియదు. చివరికి మూలికల గుంపులు రెండూ ఉత్తుత్తి గుంపు కంటే మెరుగు. మనిషిని బట్టి ఇచ్చింది అందరికీ ఇచ్చిన యోగం కంటే ఎక్కువేం చేయలేదు. మందు ఆపిన 14 వారాలకు చూస్తే మాత్రం మేలు నిలబడింది మనిషిని బట్టి ఇచ్చినవాళ్ళలోనే. చాలా అందమైన పరిశోధన. ఒత్తిడి అలసటకు అలాంటిది చేస్తే ముందుగా చదివేది నేనే.

అత్తగారి_కషాయం
సరే, ఈసారికి వదిలేస్తున్నా.

లేహ్_సుబేదారు
నేను సైన్యంలో లద్దాఖ్‌లో చేసి రిటైరయ్యాను, ఊరు శ్రీకాకుళం జిల్లా. ఈ మొక్క బంధువు మనకీ ఉంది. లద్దాఖీలు సోలో అంటారు. లేత ఆకులు ఉడికించి పెరుగులో కలిపి తంగ్‌తూర్ అని చేస్తారు, మన పెరుగుపచ్చడి లాంటిదే, కొంచెం చేదు. లేహ్‌లో మన రక్షణ పరిశోధన వాళ్ళ సంస్థ దీని మీద పనిచేస్తోంది. 2019 ఆగస్టులో ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడుతూ ఇది సంజీవని అన్నారు, గుర్తుందా? ఆ మర్నాడు మా ఊరి వాళ్ళంతా ఫోన్లు, "సంజీవని ఒక కట్ట పంపు బావా" అని. హనుమంతుడికి కూడా మొక్క తెలియక కొండ మొత్తం తెచ్చాడు, నేనెక్కడ తెచ్చేది!

ఎత్తులో ఊపిరాడనప్పుడు పనిచేస్తుందని అక్కడ గట్టి నమ్మకం.

గణాంకాల_గంగులు
సుబేదారు గారూ, సెల్యూట్. ఎత్తు జబ్బుకు తైవాన్‌లో పరీక్షించారు, అదీ ప్రవాసి గారి డబ్బాలో ఉన్న క్రెన్యులాటాతోనే. పూర్తి చేసినవాళ్ళు 102 మంది. ప్రతి ఒక్కరూ రెండుసార్లు కొండెక్కారు, ఒకసారి మందుతో, ఒకసారి ఉత్తుత్తి గుళికతో. మందుతో జబ్బుపడింది 60.8 శాతం, ఉత్తుత్తి దానితో 56.9 శాతం. తేడా లేనట్టే.

లేహ్_సుబేదారు
అయినా తంగ్‌తూర్ రుచి బాగుంటుంది. దానికి పరిశోధన అక్కర్లేదు.

[వేదిక నిర్వాహకులు]
"అసలైన హిమాలయన్ రోడియోలా, వాట్సాప్ చేయండి" అన్న పోస్టు తీసేశాం. మళ్ళీ పెడితే ఖాతా కూడా తీసేస్తాం.

వూహాన్_డాక్టరుబాబు
తీసేసిన పోస్టు చదివాను, "అడవి నుంచి ఏరినది" అని గొప్పగా రాశాడు. అలా ఏరి ఏరే కొండలు బోడి అవుతున్నాయి. 2023 ఫిబ్రవరి నుంచి రోడియోలా జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది, అలా ఏరిన వేర్లను పర్మిట్ లేకుండా దేశాలు దాటించకూడదు.

మందులషాపు_మామ
ఆలస్యంగా వచ్చాను. ముప్పయ్యేళ్ళుగా విజయనగరంలో మందుల షాపు. పనిచేస్తుందా లేదా అని మీరంతా బాగా కొట్టుకున్నారు. నా ప్రశ్న వేరు. అమ్మాయీ, నువ్వు రోజూ వేసుకునే మాత్రలు ఇంకేమైనా ఉన్నాయా? బీపీ, షుగరు, థైరాయిడ్, దిగులుకు ఇచ్చే మాత్రలు, రక్తం పలచబడే మందు?

పెసరట్టు_ప్రవాసి
అయ్యో, చెప్పడం మర్చిపోయాను మామగారూ. రెండేళ్ళుగా బీపీకి లోసార్టాన్ 50. దుకాణంలో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మందులషాపు_మామ
చూశావా! లోసార్టాన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి, అప్పుడే దాని బలం అంతా వస్తుంది. రోజియా రకం రోడియోలా ఆ ఎంజైమును మందగింపజేస్తుందని ఆరోగ్యవంతుల మీద చేసిన ఒక చిన్న పరిశోధనలో తేలింది. అక్కడ కొలవడానికి వాడిన మాత్ర కూడా లోసార్టానే. చిన్నదే కావచ్చు, నీ డబ్బాలో రకం మీద కాకపోవచ్చు. కానీ వేసుకుంటే లాభం గ్యారంటీ లేని మందు కోసం, లాభం తెలిసిన మందును ఎందుకు కెలకాలి? రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు అసలే ముట్టుకోకూడదు, అక్కడ అదే ఎంజైము మందగిస్తే రక్తస్రావం దాకా పోవచ్చు. దిగులు మాత్రలతో కూడా జాగ్రత్త.

డాక్టరుబాబు చెప్పిన ఎనిమిది మూలికల యోగం కూడా నీకు పనికిరాదు. అందులో అతిమధురం ఉంది. రోజూ తీసుకుంటే పొటాషియం తగ్గి బీపీ పెరగొచ్చు. దగ్గుకు మనం నమిలే ముక్క సంగతి కాదు నేను చెప్పేది, నెలల తరబడి తాగడం.

ఇంకొకటి, డబ్బాలో రాసిందే లోపల ఉంటుందని నమ్మకం లేదు. లండన్ వాళ్ళు సుమారు 40 రోడియోలా సరుకులు పరీక్షిస్తే దాదాపు ఐదో వంతు వాటిలో రోజియా ఉన్నట్టే కనబడలేదు. ఇక్కడ వేరు మారినా పోయేది డబ్బులే. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందులో ఒక చైనా వేరు బదులు ఇంకో వేరు పడి, వంద మంది దాకా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ రెండో వేరు మన ఈశ్వరి తీగ జాతిదే. పాముకాటుకని మన పల్లెల్లో నూరి పోసేది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్ళకు నేను ఈ కథే చెప్తాను.

పెన్నేరు_గడ్డ
అందుకే మనది మనం వాడాలి. అశ్వగంధ మీద హైదరాబాద్‌లోనే పరిశోధన జరిగింది, 2012లో వచ్చింది. 64 మంది, 60 రోజులు, రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాములు. ఒత్తిడి మార్కులూ తగ్గాయి, కార్టిసాలూ తగ్గింది.

గణాంకాల_గంగులు
నిజమే, ఉత్తుత్తి గుంపు కూడా ఉన్న పరిశోధన. కానీ స్వీడన్ దానికి నేను వేసిన ప్రశ్నలే దీనికీ వేస్తాను, మనదని మార్కులు కలపను. చిన్నది, రెండు నెలలదే. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ నిషేధించింది కూడా.

పెన్నేరు_గడ్డ
డెన్మార్క్ వాళ్ళకి మన ఆయుర్వేదం ఏం తెలుసు?

మందులషాపు_మామ
ఆ తగాదా వేరే దారంలో పెట్టుకోండి నాయనా. అమ్మాయీ, ఆరు నెలల అలసట అంటే ముందు రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ, థైరాయిడ్, షుగరు, బి12. నువ్వు శాకాహారివైతే బి12 మర్చిపోకు. గురక ఉందా అని మీ ఆయన్ని అడుగు, నిన్ను నువ్వు అడిగితే లేదనే అంటావు. ఒత్తిడి అని ముద్ర వేసుకుని నా కౌంటరు ముందు నిలబడ్డ ఆడవాళ్ళలో ఎంతమందికి అసలు రక్తం లేదో నాకు తెలుసు. మీ డాక్టరుకు ఆ డబ్బా కూడా చూపించు, దాచకు.

పెసరట్టు_ప్రవాసి
గురక గురించి అడిగాను. ఆయన రెండు నిమిషాలు నవ్వారు, జవాబు చెప్పలేదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

పెసరట్టు_ప్రవాసి (ఆరు వారాల తర్వాత)
ఇంతమంది టైం పెట్టి రాశారు కాబట్టి ఏమైందో చెప్పాలి. థైరాయిడ్, షుగరు, బి12 బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 10.1, ఐరన్ నిల్వ బాగా తక్కువ. ఐరన్ మాత్రలు ఇచ్చారు, బీపీ మాత్ర అలాగే కొనసాగించమన్నారు. డబ్బా చూపిస్తే డాక్టరు లాటిన్ పేరు రాసుకుని, ప్రస్తుతానికి వద్దన్నారు. దీంతోపాటు మేనేజరుతో గట్టిగా మాట్లాడాను. ఆన్‌కాల్ మూడు రాత్రుల నుంచి ఒకటికి తగ్గింది. మధ్యలో దసరాకి పది రోజులు ఇంటికి కూడా వెళ్ళొచ్చాను.

ఇప్పుడు మూడింటికి బుర్ర పనిచేస్తోంది. గంగులు గారు అడిగేలోపే చెప్తాను: ఐరన్ వల్లా, ఆన్‌కాల్ తగ్గడం వల్లా, అమ్మ వంట వల్లా నాకు తెలియదు.

డబ్బా ఫ్రిజ్ మీద అలాగే ఉంది, మూత తీయలేదు. నిన్న లిఫ్టులో ఆంటీ కలిసి మందు వేసుకుంటున్నావా అంది. మొహమాటానికి తలూపాను. నా ముఖం చూసి మురిసిపోయి, "చూశావా, మా హోంగ్ జింగ్ తియన్ మహిమ!" అని ఇంకో డబ్బా కొనిస్తానంటోంది.

గణాంకాల_గంగులు
వద్దనకండి. ఉత్తుత్తి మాత్ర కూడా వేసుకోకుండా బాగుపడ్డ మొదటి గుంపు మీరు, ఆంటీ మార్కులు వేసేసింది.

లేహ్_సుబేదారు
రెండో డబ్బా వస్తే మొదటిది మా బావకి పంపమ్మా. సంజీవని అని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

మందులషాపు_మామ
ముందు మీ బావ బీపీకి ఏం వేసుకుంటున్నాడో అడగండి సుబేదారు గారూ.